నెలకో మాట: ఆపరేషన్ తరువాత ఆ వణుకు ఎందుకు?

పోయిన నెల పత్రిక ఇండ్లకు చేరిన నాలుగు రోజులకే గుడియాత్తం నుంచి ఒక చెల్లెలు జాబు రాసింది. అగ్గిపెట్టెల కంపెనీలో పని చేస్తుంది. వాళ్ళ నాయన మిల్లులో రింగు ఫ్రేము కాడ సైడరుగా ఉండి రిటైరు అయినాడు. పేరు వేయొద్దని కోరింది కాబట్టి వేయడం లేదు. జాబులో సంగతి ఇది. రెండేండ్ల కింద వాళ్ళమ్మకు ఒక నర్సింగ్ హోములో గర్భసంచి తీసినారు. ఆపరేషన్ బాగానే అయింది. బయటికి తెచ్చి మంచం మీద వేసిన కాసేపటికి ఆమెకు వణుకు పట్టుకుంది. పండ్లు టకటక కొట్టుకున్నాయి, ఇనప మంచం కిర్రుమని కదిలింది. అది మే నెల, బయట అగ్ని నక్షత్రం ఎండ. "ఇంత ఎండలో చలేంది? తప్పు సూది వేసినారు" అని కొడుకు నర్సమ్మల మీదికి గొడవకు పోయినాడు. ఒక నర్సమ్మ "అట్లనే ఉంటుంది, పోతుంది" అని ఒక్క మాట చెప్పి తన పని మీద పోయింది. అరగంటకు వణుకు పోయింది కూడా. కానీ ఆమె మనసులో నుంచి పోలేదు. ఇప్పుడు ఆమె పిత్తాశయంలో రాళ్ళు ఉన్నాయి, రెండు సార్లు నొప్పి వచ్చి పొర్లాడింది, తీసేయాలని డాక్టరు చెప్పినాడు. ఆమె మాత్రం "చచ్చినా ఆ చలిపెట్టెలోకి మళ్ళా పోను" అని కూర్చుంది. "పెదనాయనా, ఆ వణుకు ఏందో, మా అమ్మకు ఏమి చెప్పాలో మీరు రాయండి" అని చెల్లెలి జాబు.

నేను డాక్టరును కాను, అయిదో తరగతితో బడి మానుకున్నవాణ్ణి. అయితే మా అక్క కూతురు వేలూరులో నర్సు, ఆపరేషన్ థియేటరులో మత్తు డాక్టర్ల పక్కన నిలబడే పని. రెండు ఆదివారాలు ఆమె ఇంట్లో కూర్చుని అడిగిందే అడిగినాను. పుస్తకం తీసి చదివి వినిపించింది, నాకు అర్థం కానిచోట మళ్ళా చెప్పింది. "మామా, ఇది పేపర్లో వేసేదానికి నాకంటే నీకే తొందరగా ఉండాది" అని నవ్వింది కూడా. తొందర ఎందుకంటే, రాళ్ళు ఆమె భయం పోయేదాకా కాచుకుని ఉండవు.

ముందు మన మిల్లు సంగతితో మొదలుపెడతాను, అది మనందరికీ తెలిసింది. రింగు ఫ్రేము డిపార్టుమెంటు గోడకు తడి బల్బు, పొడి బల్బు థర్మామీటరు వేలాడుతుండేది, గుర్తుందా? గాలిలో తేమ 55, 60 శాతం దగ్గర నిలవాలి. తగ్గిందంటే దారాలు తెగుతాయి, దూది పోయి రోలరుకు చుట్టుకుంటుంది, సైడరు పరుగులు పెట్టాలి. హ్యుమిడిటీ ప్లాంటు నడిచినంత సేపు బయట ఎండైనా వానైనా లోపల ఒకటే వాతావరణం. ప్లాంటు ఆగితే డిపార్టుమెంటు కొంచెం కొంచెంగా బయటి గాలితో కలిసిపోతుంది. (గుడియాత్తంలో లుంగీలు నేసే మగ్గాలకు ప్లాంటు యాడిది? గుంత మగ్గం కింద నేలలో ఉండే తేమే వాళ్ళ ప్లాంటు.)

మనిషి ఒంట్లో కూడా అట్లాంటి ప్లాంటు ఒకటి ఉంది, మెదడు అడుగున. హైపోథాలమస్ అంటారు. ఒంటి లోపలి వేడిని 37 డిగ్రీల దగ్గర, అంటే మన పాత జ్వరం కడ్డీ లెక్కలో 98.6 దగ్గర నిలబెట్టడం దాని పని. చాలా కచ్చితమైనది. డిగ్రీలో మూడో వంతు అటూ ఇటూ అయితే చాలు, పని మొదలుపెడుతుంది. వేడి ఎక్కువైతే చెమట పట్టిస్తుంది. చల్లబడితే ముందు చేతులు కాళ్ళ రక్తనాళాలను ముడిచి వేడిని కడుపులో, గుండెలో, మెదడులో దాచిపెడుతుంది, అదీ చాలకుంటే కండరాలను వణికించి వేడి పుట్టిస్తుంది. అంటే వణుకు జబ్బు కాదు, ఒళ్ళు తనకు తాను వేసుకునే పొయ్యి.

మత్తుమందు నిద్ర ఒక్కటే పుట్టించదు. ఈ ప్లాంటును కూడా మందగింపజేస్తుంది. మామూలుగా డిగ్రీలో మూడో వంతుకే కదిలే ప్లాంటు, మత్తులో దాదాపు నాలుగు డిగ్రీల తేడా వచ్చేదాకా ఊరికే చూస్తూ ఉంటుంది. వణకదు, చెమట పట్టదు, నాళాలు ముడుచుకోవు. మనిషి తనంతట తాను దుప్పటి లాక్కోలేడు, "చలేస్తాంది" అని చెప్పలేడు.

ఇక్కడ నాకు ఆశ్చర్యమైన సంగతి ఒకటి ఉంది. మొదటి గంటలో పడిపోయే వేడిలో ఎక్కువ భాగం బయటికి పోదు, ఒంట్లోనే చోటు మారుతుంది. మామూలుగా కడుపు లోపలి వేడికీ చేతులు కాళ్ళ వేడికీ రెండు నుంచి నాలుగు డిగ్రీల తేడా ఉంటుంది. మత్తు ఎక్కగానే ముడుచుకున్న నాళాలు తెరుచుకుంటాయి, లోపలి వెచ్చని రక్తం చల్లని చేతుల్లోకి, కాళ్ళలోకి పారుతుంది. నడవలో తలుపు తెరిస్తే లోపలి గది వెచ్చదనం వసారాలోకి పోయినట్లు. అట్లా మొదటి గంటలోనే లోపలి వేడి ఒక డిగ్రీ నుంచి డిగ్రీన్నర వరకు తగ్గుతుంది. ఆ తరువాత రెండు మూడు గంటలు నిదానంగా బయటికి పోతుంది. అందుకే థియేటరులో కంబళి కప్పినా మొదటి గంట తగ్గుదలను పూర్తిగా ఆపలేరు. దానికి మందు, మత్తు ఇవ్వకముందే చేతులు కాళ్ళు వెచ్చగా ఉండటం. వెచ్చని కాళ్ళలోకి పారే వేడి తక్కువ కదా. మత్తుకు ముందు కనీసం అరగంట వెచ్చగా పెట్టమని ఇప్పటి పుస్తకాలు చెప్తున్నాయట.

బయటికి పోయే దారులు మన ఆడవాళ్ళకు బాగా తెలుసు. మట్టికుండలో నీళ్ళు ఎట్లా చల్లబడతాయో అట్లనే, కోయబోయే చోట పూసే మందు ఆరుతూ వేడిని లాక్కుపోతుంది. కడుపు తెరిస్తే తడి పేగుల మీద నుంచి ఇంకా పోతుంది. ఎక్కించే సెలైను గది చల్లదనంలో ఉంటే అదొక దెబ్బ. అట్లాంటిది ఒక లీటరు ఎక్కిస్తే పెద్ద మనిషికి ఒళ్ళు పావు డిగ్రీ చల్లబడుతుంది. ఫ్రిజ్జులో నుంచి తీసిన ఒక్క బాటిలు రక్తం అయినా అంతే. థియేటరు ఏసీ సరేసరి. "అంత చల్లగా ఎందుకు పెడతారమ్మా, రోగి మీద కోపమా?" అని మేనకోడల్ని అడిగినాను. లోపల డాక్టర్లు ఒకదాని మీద ఒకటి అంగీలు, టోపీ, ముసుగు, రెండు జతల గ్లౌజులు వేసుకుని పెద్ద లైట్ల కింద గంటల తరబడి నిలబడతారు. చెమట చుక్క రోగి మీద పడకూడదు. అది నిజమే. కానీ రోగి ఒంటి మీద గుడ్డ ఉండదు కదా! ఇంగ్లండు ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2008లో పెట్టిన నియమంలో, రోగి ఒళ్ళు కప్పకుండా ఉన్నంత సేపు గది కనీసం 21 డిగ్రీలు ఉండాలని ఉంది. రోగి లోపలి వేడి 36 కన్నా తక్కువ ఉంటే, ప్రాణం మీదికి వచ్చిన అర్జెంటు కేసు కాకుంటే, మత్తే మొదలుపెట్టొద్దని కూడా ఉంది.

ఇప్పుడు చెల్లెలి అసలు ప్రశ్నకు వస్తాను. ఆపరేషన్ అయిపోయింది, మత్తు ఆపినారు. మెదడులోని ప్లాంటు మెల్లగా మేలుకుంటుంది. చూసుకుంటే ఒళ్ళు 35 దగ్గర ఉంది. "ఇంత చల్లబడే దాకా ఎవరు ఊరుకున్నారు!" అన్నట్లు ఒక్కసారిగా అన్ని కండరాలనూ వణికిస్తుంది. మీ అమ్మకు జరిగింది చాలా మటుకు ఇదే, తల్లీ. తప్పు సూది అయి ఉండాలని ఏమీ లేదు. గుడియాత్తంలో ఎండ ఎంత ఉన్నా దానికి సంబంధం లేదు, ఆమె రెండు గంటలు ఉన్నది మేలో కాదు, ఏసీలో. కొందరికి ఒళ్ళు చల్లబడకున్నా నొప్పి వల్లనో, మత్తు దిగే తీరు వల్లనో వణుకు వస్తుంది. దానికీ భయపడే పని లేదు.

అయితే ఆ నర్సమ్మ "అట్లనే ఉంటుంది" అని పోవడం మాత్రం సరి కాదని నా మాట. వచ్చేదే అయినా, వేడి ఎంత ఉందో చూడాలి, కప్పాలి, వెచ్చబెట్టాలి. వణికేటప్పుడు ఒళ్ళు మామూలు కన్నా రెండింతలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ప్రాణవాయువు వాడుకుంటుంది. వయసులో ఉన్నవాళ్ళు తట్టుకుంటారు, గుండె బలహీనంగా ఉన్న ముసలివాళ్ళకు అది బరువు. కుట్లు లాగి నొప్పి కూడా. వెచ్చబెట్టినా తగ్గకుంటే పెథిడిన్, ట్రమడాల్ లాంటి మందులు కొంచెం ఇస్తారు. ఇంకొక మాట: థియేటరు నుంచి వచ్చిన గంటలో వచ్చే వణుకు వేరు. మరుసటి రోజో ఆ తరువాతో చలి పెట్టి జ్వరం కాస్తే అది చీముకు గుర్తు కావచ్చు, దాన్ని "అట్లనే ఉంటుంది" అని వదలొద్దు, వెంటనే చూపించండి.

నాకే జరిగింది ఒకటి చెప్తాను. నాలుగేండ్ల కింద నాకు హెర్నియా ఆపరేషన్. నడుములో సూది వేసినారు, కింద సగం తిమ్మిరెక్కింది, పైన తెలివి ఉంది. బల్ల ఇనుము మాదిరి చల్లగా ఉండింది. కాసేపటికి విచిత్రంగా కాళ్ళు వెచ్చబడినట్లు, ఒళ్ళంతా హాయిగా ఉన్నట్లు అనిపించింది. మత్తు డాక్టరమ్మ "అయ్యా, చలిగా ఉందా?" అని అడిగింది. "లేదమ్మా, వెచ్చగా ఉంది" అన్నాను. ఆమె చెవిలో చిన్న మిషను పెట్టి చూసి, "మీకు వెచ్చగా ఉంది గానీ లోపల 35.7 ఉందయ్యా" అని నవ్వి, నా గుండె మీద ఒక కాగితం పరుపు పరిచింది. దానికి ఒక గొట్టం. మన బ్లోరూము గాలి గొట్టం పిల్ల మాదిరి. స్విచ్చి వేయగానే పరుపు ఉబ్బి, చిన్న చిన్న చిల్లుల్లో నుంచి వేడిగాలి ఒంటి మీదికి వచ్చింది. అప్పుడు నాకు అర్థం కాలేదు, ఇప్పుడు మేనకోడలు చెప్పింది: నడుము సూదిలో కాళ్ళ నాళాలు తెరుచుకుంటాయి, చర్మానికి వెచ్చగా తోస్తుంది, లోపల మాత్రం తగ్గుతూనే ఉంటుంది. తిమ్మిరెక్కిన సగం వణకనూ లేదు. అందుకే నడుము సూదే కదా, మనిషి మాట్లాడుతున్నాడు కదా అని వేడి చూడకుండా ఉండకూడదు.

ఆ వేడిగాలి పరుపు 1980ల చివర అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో తయారైంది. బట్ట పని చేసిన వాణ్ణి కాబట్టి "పరుపెందుకు, మంచి నూలు దుప్పట్లు నాలుగు కప్పితే చాలదా?" అని వాదించినాను. దానికి లెక్క ఉంది. ఒంటి మీద ఒక పొర గుడ్డ కప్పితే చర్మం నుంచి పోయే వేడి సుమారు 30 శాతం తగ్గుతుంది. రెండో పొర, మూడో పొర కప్పితే ఇంకో 30, ఇంకో 30 తగ్గుతుందని అనుకుంటాము. తగ్గదు, కొంచెమే కలుస్తుంది. ఎందుకంటే చలిని ఆపేది నూలు పోగు కాదు, గుడ్డకూ ఒంటికీ నడుమ చిక్కుకున్న గాలి. మొదటి పొరతోనే ఆ గాలి చాలా మటుకు చిక్కుతుంది. దుప్పటి ఉన్న వేడిని కాపాడుతుందే గానీ కొత్త వేడి ఇవ్వదు. ముప్పై ఆరేండ్లు నూలు వడికినాను, ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. అయినా పొర లేకుండా పడుకోబెట్టడం కన్నా ఒక్క పొర ఎంతో మేలు, పరుపు మిషను లేని చిన్న ఆసుపత్రిలో కూడా చేయగలిగిన పని. తల, భుజాలు, ఆపరేషన్ చేయని కాలు, ఏది వీలైతే అది కప్పి ఉంచడమే. సెలైను వెచ్చబెట్టి ఎక్కించే ఏర్పాటు కూడా కొన్ని చోట్ల ఉంది.

"కొంచెం చల్లబడితే ఏమవుతుంది, వణికి పోతుంది కదా" అని కొందరు అనవచ్చు. 1996లో ఆస్ట్రియా దేశం వియన్నా డాక్టర్లు, వాళ్ళతో ఇంకొందరు, ఒక పరీక్ష ప్రచురించారు. పెద్దపేగు ఆపరేషన్ అయిన 200 మంది. సగం మందిని వేడిగాలితో వెచ్చగా ఉంచారు, మిగతా సగం మందిని అప్పటి మామూలు పద్ధతిలో ఉంచారు. వెచ్చగా ఉన్నవాళ్ళ వేడి సగటున 36.6, మిగతా వాళ్ళది 34.7. రెండు డిగ్రీలు తేడా, అంతే. వెచ్చగా ఉన్నవాళ్ళలో నూటికి ఆరుగురికి కుట్లు చీము పట్టాయి, చల్లబడిన వాళ్ళలో నూటికి 19 మందికి పట్టాయి. ఇంటికి పోవడం రెండున్నర రోజులు ఆలస్యమైంది. చర్మానికి రక్తం పారకుంటే, రక్తంతో వచ్చే కాపలా కణాలు గాయం దగ్గరికి చేరవు అన్నది కారణం. చల్లబడిన రక్తం సరిగా గడ్డ కట్టదు, నెత్తురు ఎక్కువ పోతుంది. మందులు కూడా ఒంట్లో నుంచి ఆలస్యంగా పోతాయి, మనిషి లేచేది ఆలస్యమవుతుంది. దినకూలి వాళ్ళకు రెండున్నర రోజులు అంటే ఏమిటో నేను చెప్పాల్సిన పని లేదు.

ఇంకొక పక్క కూడా చెప్పకుంటే అబద్ధం చెప్పినట్లు అవుతుంది. 2022లో ఇంకా పెద్ద పరీక్ష వచ్చింది. చైనాలో, అమెరికాలోని క్లీవ్‌ల్యాండులో 5,000 పైచిలుకు రోగులు. కొందరిని 37 దగ్గర, కొందరిని 35.5 దగ్గర నిలబెట్టి చూస్తే, గుండె దెబ్బ తినడంలో గానీ కుట్ల చీములో గానీ తేడా కనబడలేదు. కాబట్టి డిగ్రీన్నర తగ్గితేనే మనిషి పోతాడని భయపెట్టడం తప్పు. నాకు అర్థమైంది ఏమంటే, 35.5 దగ్గర కూడా అక్కడ ఒకరు చూస్తూ నిలబెట్టారు. చూసేవాళ్ళు లేక 34కు జారిపోవడం వేరు కదా. మనకు కావలసింది ఆ చూసేవాళ్ళు ఉండటం.

ఈ మాట అన్నానని ఇంటివాళ్ళు వేడినీళ్ళ సంచితో పరుగెత్తొద్దు. ఇది గట్టిగా చెప్పాల్సిన మాట. మనతో డాఫరుగా పని చేసిన ఒక తమ్ముడికి కాలు ఎముక విరిగి రాడ్డు వేసినారు, నడుము సూదితోనే. వార్డుకు తెచ్చినాక పాదాలు చల్లగా తగిలినాయని ఇంటివాళ్ళు సీసాలో వేడినీళ్ళు పోసి, పాత లుంగీ చుట్టి మడమల దగ్గర పెట్టినారు. ప్రేమతో చేసిందే. కాళ్ళకు ఇంకా తిమ్మిరి వదలలేదు, కాలుతోందని అతనికి తెలియలేదు. రెండు గంటల తరువాత దుప్పటి తీస్తే మడమ మీద బొబ్బ. అతనికి షుగరు ఉంది. ఎముక ముందు అతుక్కుంది, మడమ పుండు ఆ తరువాత చాలా రోజులకు మానింది. తిమ్మిరెక్కిన కాలికి, మత్తు దిగని మనిషికి వేడి సీసా, ఇటుక, వేడినీళ్ళ సంచి, కరెంటు కంబళి ఏదీ ఇంటివాళ్ళు పెట్టకూడదు. పొడి దుప్పటి, కాళ్ళకు మేజోళ్ళు, తలకు గుడ్డ. వార్డులో ఫ్యాను ఆపడం. అంతకు మించి కావాలంటే నర్సమ్మను పిలవడమే.

పసిబిడ్డల గురించి ఒక్క మాట. బిడ్డ బరువుకు చర్మం ఎక్కువ, తల పెద్దది, పుట్టిన బిడ్డకు వణకడం చేతకాదు. పెద్దవాళ్ళ కన్నా చాలా తొందరగా చల్లబడతారు. బిడ్డకు ఆపరేషన్ అంటే టోపీ, వెచ్చని గది తప్పవు. అక్కడ ఏసీ తగ్గించి డాక్టర్లే చెమటలు కారుస్తారు అని మేనకోడలు చెప్పింది.

చెల్లెలి అన్న, ఆ గొడవకు పోయిన పిల్లవాడు, జాబు అడుగున ఒక ముక్క రాసినాడు: "గుండె ఆపరేషన్‌లో మనిషిని కావాలనే చల్లబెడతారంట కదా, మరి చలి చెడ్డదెట్లా?" మంచి ప్రశ్నే. మొదట కెనడాలో టొరంటో డాక్టరు బిగెలో, చలికాలమంతా ముడుచుకుని పడుకునే జంతువులను చూసి, చల్లబడిన ఒంటికి ప్రాణవాయువు తక్కువ చాలునని పరిశోధించాడు. 1952 సెప్టెంబరు 2న మిన్నియాపోలిస్‌లో లూయిస్ అనే డాక్టరు అయిదేండ్ల పాప ఒళ్ళు 28 డిగ్రీల దాకా చల్లబెట్టి, అయిదున్నర నిమిషాలు గుండెకు రక్తం ఆపి, లోపలి రంధ్రం కుట్టాడు. పాప బతికింది. (చల్లబెట్టింది మిన్నెసోటాలోనే, వెచ్చబెట్టే పరుపు కనిపెట్టిందీ మిన్నెసోటాలోనే. అక్కడ చలి అట్లాంటిదేమో.) మన దేశంలో గుండె తెరిచి చేసిన మొదటి విజయవంతమైన ఆపరేషన్ 1961లో మన వేలూరు సి.ఎం.సి.లోనే జరిగిందని ఆ సంస్థ చరిత్రలో ఉంది. ఇడా స్కడ్డరమ్మ 1900లో ఇక్కడ వైద్యం మొదలుపెట్టి, గుడియాత్తం రోడ్డు పక్కన ఆగి ఆగి మందులిచ్చిన కాలానికి అరవై ఏండ్ల తరువాత. ఇప్పుడు గుండె ఆపరేషన్లలో మిషను గుండా పోయే రక్తాన్నే కావలసినంత చల్లబెట్టి, అయిపోయినాక మళ్ళా వెచ్చబెడతారు. తేడా అక్కడే ఉంది, బాబూ. అది కొలిచి చల్లబెట్టడం. మీ అమ్మకు జరిగింది ఎవరూ కొలవకుండా చల్లబడటం.

దీనికి తిరగబడిన జబ్బు ఒకటి ఉంది, చాలా అరుదు, కానీ కుటుంబాలకు తెలిసి ఉండాలి. మత్తు ఇవ్వగానే కొందరికి ఒళ్ళు చల్లబడటం పోయి, కండరాలు బిగుసుకుని వేడి మండిపోతుంది. మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా అంటారు. 1960లో ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ డాక్టర్లు దీన్ని మొదట బయటపెట్టారు. కాలు విరిగి వచ్చిన ఒక కుర్రవాడు, విరిగిన కాలు కన్నా మత్తుకే ఎక్కువ భయపడ్డాడు. ఎందుకంటే వాళ్ళ బంధువుల్లో పది మంది ఈథరు మత్తులో పోయారు! డాక్టర్లు వేరే మత్తు ఇచ్చినా అతనికీ అదే మొదలైంది, వెంటనే ఆపి బతికించారు. తల్లిదండ్రుల నుంచి వచ్చే లోపం అది, కొన్ని మత్తు వాయువులు, సక్సినైల్‌కోలిన్ అనే సూది దాన్ని లేపుతాయి. డాంట్రోలీన్ అనే మందు ఉంది. ముందే తెలిస్తే ఆ వాయువులు వాడకుండానే మత్తు ఇస్తారు.

ఆ సక్సినైల్‌కోలిన్ గురించే మన తెలుగువాళ్ళకు ఇంకో సంగతి. వేడితో సంబంధం లేకున్నా చెప్పాలి. ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి ఆ మందును ఒంట్లో విరిచే పదార్థం పుట్టుకతోనే ఉండదు. కోయంబత్తూరు భారతియార్ యూనివర్సిటీ వాళ్ళు ఆ లోపాన్ని పరిశోధించి 2006లో ప్రచురించారు. వాళ్ళకు అయిదు పది నిమిషాల్లో దిగాల్సిన మందు గంటల తరబడి దిగదు, అంత సేపూ ఊపిరి మిషను పెట్టాలి. కాబట్టి మత్తు డాక్టరు "ఇంతకు ముందు ఆపరేషన్ అయిందా? ఇంట్లో ఎవరికైనా మత్తులో ఏమన్నా అయిందా?" అని అడిగినప్పుడు "ఏమీ లేదు సార్" అని తొందరగా తల ఊపొద్దు. చిన్నాయన సంగతి, మేనత్త సంగతి, అందరిదీ గుర్తు చేసుకుని చెప్పండి.

తల్లీ, మీ అమ్మకు నువ్వు చెప్పాల్సింది ఇంతే. ఆ వణుకు ప్రాణం తీసేది కాదు, ఆమె ఒళ్ళు తనను తాను కాపాడుకున్నది. రాళ్ళు మాత్రం పిత్తనాళంలో ఇరుక్కుంటే కామెర్లు, చీము, జ్వరం, అప్పుడు అర్ధరాత్రి వ్యానులో వేలూరుకు పరుగెత్తాలి. తీరిగ్గా, పగలు, చెప్పి చేయించుకునే ఆపరేషన్‌కూ అర్ధరాత్రి ఆపరేషన్‌కూ చాలా తేడా ఉంది. ఇప్పుడు చేసేది చిన్న రంధ్రాల ఆపరేషన్ అయినా చలి ఉండదని అనుకోవద్దు. కడుపులోకి పొడి వాయువు ఊదుతారు, అది కూడా చల్లబరుస్తుంది. ముందు రోజు మత్తు డాక్టరు చూడటానికి వచ్చినప్పుడు, సిగ్గు పడకుండా పోయినసారి ఇట్లా వణికింది అని చెప్పండి. "సార్, ఆపరేషన్ జరిగేటప్పుడు వేడి చూస్తారా? వేడిగాలి పరుపు ఉందా? లేకుంటే ఏమి కప్పుతారు?" అని అడగండి. గుడియాత్తం పెద్దాసుపత్రి అయినా, అడుక్కంబారై గవర్నమెంటు కాలేజి ఆసుపత్రి అయినా, ప్రైవేటు అయినా ఆ మాట అడగడం తప్పు కాదు. మేనకోడలు చెప్పింది, "అడిగినోళ్ళను మేము మర్చిపోము మామా" అని.

ఆపరేషన్ రోజు బస్సులో చెమటతో తడిసిన జాకెట్టుతోనే ఆమెను వరండాలో ఫ్యాను కింద కూర్చోబెట్టొద్దు. పొడి బట్టలు మార్చి, కాళ్ళు కప్పి కూర్చోబెట్టు, పిలిచేదాకా. మీ అమ్మ "నా ఉన్ని శాలువా లోపలికి తీసుకుపోనిస్తారా?" అని అడిగిందని రాసినావు. థియేటరు లోపలికి రానియ్యరు, గుమ్మం దాకా కప్పుకుని పోవచ్చు. గుమ్మం దగ్గర నువ్వు శాలువా తీసుకుని, లోపల ఏమి కప్పుతారో ఆ నర్సమ్మను అడిగి, ఆ మాట మీ అమ్మకు వినబడేటట్లు చెప్పించు.